నిమ్మ ఎసెన్షియల్ ఆయిల్ కొన్నాను. ముఖానికా, ఇంటికా, అసలు దేనికి వాడాలి?

వేళచేరి_కోడలు అడిగారు:

అందరికీ నమస్కారం. మా పుట్టిల్లు గూడూరు దగ్గర పల్లె. పెళ్లయ్యాక మూడేళ్లుగా చెన్నైలో, వేళచేరిలో ఉంటున్నాం. పోయిన శనివారం ఒక ఎగ్జిబిషన్‌లో నిమ్మ ఎసెన్షియల్ ఆయిల్ కొన్నాను, 15 మిల్లీలీటర్ల సీసా. అమ్మినావిడ చెప్పింది వింటే ఇది చెయ్యని పని లేదు. రాత్రి ముఖానికి రాస్తే మొటిమల మచ్చలు పోతాయంట. పొద్దున గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు వేసుకుని తాగితే పొట్ట కరుగుతుందంట. విటమిన్ సి దండిగా ఉంటుందంట. గదిలో పెడితే దోమలు రావంట.

ఇంటికొచ్చి మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. మాకు ఎకరంన్నర నిమ్మతోట ఉంది. "చెట్ల కింద కాయలు రాలిపోతా ఉంటే నువ్వు డబ్బులు పోసి సీసా కొన్నావా? నిమ్మకాయలో లేంది ఆ సీసాలో ఏముందే?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. మూత తీసి వాసన చూశాను. ఊరగాయకి కాయలు కోసేటప్పుడు వచ్చే పుల్లటి వాసన కాదది. చెట్టు మీది పచ్చికాయ తొక్కని గోటితో గిల్లితే వస్తుందే, ఆ వాసన. ఒక్కసారి మా తోటలో నిలబడినట్టు అనిపించింది. అందుకే పారేయడానికి మనసు రావడం లేదు.

నా అవసరాలు ఇవీ. దవడ పక్కన మొటిమల మచ్చలున్నాయి. నేను రోజూ స్కూటీ మీద షోలింగనల్లూరు వెళ్తాను, పోనూ రానూ ఎండే. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు, కుళాయిల మీద తెల్లగా ఉప్పు పేరుకుపోయి ఎంత తోమినా పోదు. వంటింటి చిమ్నీ జాలీ జిడ్డు సంగతి చెప్పక్కర్లేదు. ఇంకో విషయం, మా ఆడబిడ్డకి మూడో నెల. వచ్చే వారం మా ఇంటికొచ్చి కొన్నాళ్లు ఉంటుంది. ఏది తిన్నా వాంతి చేసుకుంటోంది. నిమ్మకాయ చేతిలో పెట్టుకుని వాసన చూస్తూ ఉంటే కాస్త నయంగా ఉంటుందని తనే చెప్పింది. తన దగ్గర ఈ నూనె వాడొచ్చా?

తెలిసినవాళ్లు చెప్పండి. ఇంకా ముఖానికి రాయలేదు, రేపు ఆదివారం మొదలుపెడదామని ఉంది.

అంబత్తూరు_స్టిక్కర్ల_షాపు:

నాకు ముఖం సంగతి తెలియదు గానీ జిగురు సంగతి తెలుసు. బండ్లకి స్టిక్కర్లు వేసే షాపు మాది. పాత స్టిక్కర్ పీకాక అద్దం మీద మిగిలే జిగురుకి ఇంతకుముందు పెట్రోలే వాడేవాళ్లం. ఒకసారి మా ఆవిడ తెచ్చుకున్న నిమ్మనూనె గుడ్డకి అద్ది రుద్దాను. రెండు నిమిషాలు నాననిస్తే జిగురు ఉండలు కట్టి వచ్చేసింది. కొత్త స్టీలు గిన్నెల మీద ధర స్టిక్కర్లు ఉంటాయి కదా, వాటికి బ్రహ్మాండంగా పనికొస్తుంది.

ప్లాస్టిక్ జోలికి మాత్రం పోవద్దు. ఆ రోజే టిఫిన్ తెచ్చిన థర్మోకోల్ ప్లేటు మీద ఒక చుక్క పడింది. చూస్తుండగానే మంచు కరిగినట్టు గుంట పడిపోయింది. అది చూశాక షాపులో పిల్లాడికి గట్టిగా చెప్పాను, ఏ ప్లాస్టిక్ మీదైనా ముందు మూలన చిన్న చుక్క వేసి చూడకుండా రుద్దొద్దని.

విల్లివాక్కం_సబ్బులు:

అమ్మా, ముందు ఒక్క మాట. రేపు ముఖానికి రాయొద్దు. ఆ సీసా పక్కన పెట్టి మిగతాది తీరిగ్గా చదువు.

నేను పద్నాలుగేళ్లుగా ఇంట్లో సబ్బులు చేసి అమ్ముతున్నాను. మాదీ ఆ వైపే, వెంకటగిరి. ఈ నూనెలు ఇక్కడ చెన్నైలోనే ప్యారీస్ కార్నర్ బజారు వైపు వెళ్లి డబ్బాల్లో తెచ్చుకుంటాను. కొత్తలో నాకు చెప్పినవాళ్లు ఎవరూ లేరు. ఒక ఏప్రిల్‌లో కొత్త సరుకు వాసన ఎంతసేపు నిలుస్తుందో చూద్దామని ఎడమ ముంజేతి మీద నేరుగా రెండు చుక్కలు వేసుకున్నాను. ఒకటి జారి మోచేతి దాకా వెళ్లింది. తుడుచుకోలేదు. అట్టాగే బండి మీద అన్నానగర్ వెళ్లి సబ్బులు ఇచ్చి వచ్చాను. మిట్టమధ్యాహ్నం. ఆ రోజు ఏమీ తెలియలేదు. మర్నాటి సాయంత్రం చేయి మంట పుట్టింది. మూడో రోజుకి ఆ చుక్క జారిన దారి వెంబడి, కొలబద్దతో గీసినట్టు, ఎర్రటి గీతా దాని మీద నీటి బొబ్బలూ వచ్చాయి. బొబ్బలు పది రోజుల్లో ఆరిపోయాయి. వాటి కింద మిగిలిన గోధుమరంగు చార దీపావళికి కూడా కనపడింది. చర్మం డాక్టరు నా చేయి చూడగానే అడిగిన మొదటి మాట, "ఎండలో నిమ్మకాయలు పిండారా?"

సంగతి ఏమిటంటే, నిమ్మ తొక్కలో ఫ్యూరానోకుమారిన్లు అనేవి కొన్ని ఉంటాయి. బెర్గాప్టెన్, ఆక్సిప్యూసిడానిన్ అలాంటివే. చర్మం మీద అవి ఉండగా ఎండలోని యూవీఏ కిరణాలు తగిలితే చర్మ కణాలు దెబ్బతిని కాలిన గాయంలా అవుతుంది. మచ్చ పోవాలని రాసి, స్కూటీ మీద ఓఎంఆర్ రోడ్డు ఎండలో వెళ్తే ఉన్న మచ్చ పక్కన కొత్త మచ్చ తెచ్చుకున్నట్టే. నీ సీసా మీద కోల్డ్ ప్రెస్డ్ అని ఉందేమో చూడు. తొక్కని నొక్కి తీసిన నూనెలో ఇవి ఉంటాయి. ఆవిరి పట్టి తీసిన నూనెలోకి, అంటే స్టీమ్ డిస్టిల్డ్ అని రాసి ఉండేదానిలోకి, ఇవి దాదాపు రావు, ఎందుకంటే ఇవి ఆవిరితో పాటు పైకి లేచేవి కావు. కోల్డ్ ప్రెస్డ్ నూనెని చర్మం మీద ఉంచేదానిలో కలిపితే 2 శాతం దాటకూడదని మా పనిలో లెక్క. 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెకి సుమారు 12 చుక్కలు. నేనైతే అందులో సగమే వేస్తాను, అదీ రాత్రిపూట, బట్ట కప్పే చోట. కడిగేసుకునే సబ్బుకి ఈ భయం లేదు. ముఖం మచ్చలకి మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లమ్మా, దీనితో ప్రయోగాలు చెయ్యొద్దు.

ఇప్పుడు మీ అమ్మగారి ప్రశ్న. నిజానికి చాలా మంచి ప్రశ్న అది. నిమ్మకాయలో లేంది సీసాలో ఏమీ లేదు. కాయలో ఉన్న చాలా సంగతులు మాత్రం సీసాలో ఉండవు. తొక్క గిల్లినప్పటి వాసన అన్నావు చూడు, కీలకం అక్కడే ఉంది. శుక్రవారం రాహుకాలంలో అమ్మవారికి నిమ్మడిప్ప దీపం పెట్టడానికి డిప్పని వెనక్కి తిప్పుతాం కదా. అప్పుడు వేళ్ల మీద సన్నటి తుంపర చిమ్ముతుంది, చేయి కడుక్కున్నా వాసన వదలదు. సీసాలో ఉన్నది ఆ తుంపరే. తొక్క పైపొరలో సూదిమొనంత నూనె తిత్తులు ఉంటాయి, నూనె అక్కడిది. రసం వేరు, నూనె వేరు. పులుపు, అంటే సిట్రిక్ ఆమ్లం, విటమిన్ సి, రెండూ నీళ్లలో కరిగేవి. అవి రసంలోనే ఉండిపోతాయి. నూనెలోకి రావు. కాబట్టి విటమిన్ సి దండిగా ఉందని ఆవిడ చెప్పింది తప్పు. విటమిన్ సి కావాలంటే మీ అమ్మ పంపే కాయ పిండుకో.

ఇంకోటి, నువ్వు కొన్నది బహుశా మన గూడూరు కాయది కాదు. మనది గుండ్రంగా, పల్చటి తొక్కతో ఉండే కాగ్జీ నిమ్మ. బయటి దేశాల్లో దాన్ని లైమ్ అంటారు. లెమన్ ఆయిల్ అని అమ్మేది కోలగా, పసుపుగా, చివర ముచ్చికతో, మందం తొక్కతో ఉండే కాయది. సిసిలీలో, అర్జెంటీనాలోని తుకుమాన్‌లో దాని తోటలు చాలా ఉన్నాయి. సీసా మీద సిట్రస్ లిమోన్ అని ఉంటే అదే. సిట్రస్ ఆరంటిఫోలియా అని ఉంటే మన నిమ్మ. మన నిమ్మ తొక్కని నొక్కి తీసిన నూనెకి ఎండతో ఇబ్బంది ఇంకా ఎక్కువ, దానికి హద్దు 0.7 శాతమే.

కుళాయి మీద ఉప్పుకి ఈ నూనె చుక్క కూడా ఖర్చు చెయ్యకు. ఆ తెల్ల పొరని కరిగించేది పులుపు. నూనెలో పులుపు లేదు. రసం పిండేసిన డిప్పని కుళాయికి తొడిగి, రబ్బరు బ్యాండు వేసి అరగంట ఉంచి రుద్దు, బోరు నీళ్ల పొర వచ్చేస్తుంది. పాలరాయి మీద మాత్రం రసం పడనీకు, రాయిని తినేస్తుంది. చిమ్నీ జాలీకి లెక్క తిరగబడుతుంది. అక్కడ డిప్ప పనికిరాదు, నూనె పనిచేస్తుంది. ఈ నూనెలో ఎక్కువ భాగం లిమోనీన్, జిడ్డుని కరిగిస్తుంది. పైన స్టిక్కర్ల తమ్ముడి జిగురు వదిలిందీ, థర్మోకోల్ కరిగిందీ దాని వల్లే. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాల్లో పది చుక్కలు కలిపి, జాలీ విప్పి బాల్కనీలో పెట్టి బ్రష్‌తో రుద్దు. పొయ్యి దగ్గర మాత్రం వద్దు, ఈ నూనె అంటుకుంటుంది. చిన్నప్పుడు తొక్కని దీపం దగ్గర మడిచి చిటపటమని మెరుపులు తెప్పించేవాళ్లం, గుర్తుందా? జాలీ బాగా కడిగి ఆరాకే బిగించు.

తాగడం సంగతి. నూనె నీళ్లలో కలవదు. రెండు చుక్కలూ పైన తేలుతూ నేరుగా పెదవికీ నాలుకకీ తగులుతాయి, నోరు మండుతుంది. పొట్ట తగ్గేదీ లేదు. తినే వస్తువుల్లో నిమ్మ వాసన కోసం వాడతారు, అది నిజమే, కానీ దాని కోసం ప్రత్యేకంగా చేసినది, చాలా కొంచెం. వాసన కోసం కొన్న సీసాలోది నోట్లో వేసుకోవద్దు.

ఇక దీని అసలు గొప్ప వాసనలోనే ఉంది. నేను అభిమానంతో చెప్తున్న మాట కాదు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీవాళ్లు 56 మంది మీద నిమ్మనూనె, లావెండర్ నూనె, మామూలు నీళ్లు మూడూ పెట్టి చూశారు. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నిమ్మ వాసన చూసినవాళ్ల మనసు తేలికపడింది, అది స్పష్టంగా కనిపించింది. రోగనిరోధక శక్తి పెరగడం, చర్మం త్వరగా మానడం, నొప్పి తగ్గడం మాత్రం ఏమీ కనిపించలేదు. మనసుకి హాయి, అంతే. నాకైతే అది చిన్న లాభంగా అనిపించదు. మా ఆయన పోయిన ఏడాది నేను సబ్బు గదిలోకి అడుగు పెట్టలేకపోయాను. మళ్లీ మొదలుపెట్టిన రోజు మొదట తెరిచింది నిమ్మనూనె డబ్బానే.

మీ ఆడబిడ్డ సంగతికొస్తే, 2014లో ఇరాన్‌లో 100 మంది గర్భిణులతో ఒక పరీక్ష చేశారు. వికారం వచ్చినప్పుడు దూదికి నిమ్మనూనె అద్ది వాసన పీల్చినవాళ్లకి నాలుగు రోజుల్లో వికారం, వాంతులు కొంత తగ్గాయి. కొంతే. తనకి నిమ్మకాయ వాసన నయంగా ఉందంటోంది కాబట్టి చేతిరుమాలుకి ఒక చుక్క అద్ది ఇవ్వు, ఒంటికి రాయొద్దు. తన డాక్టరుకి కూడా ఒక మాట చెప్పమను. ఏది తిన్నా వాంతి అంటున్నావు, నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం తగ్గినా, రుమాలూ నిమ్మకాయా పట్టుకుని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు.

మైలాపూర్_పిల్లిపిల్ల:

ఇంట్లో పిల్లి ఉంటే డిఫ్యూజర్‌లో, అంటే వాసనని గదంతా చిమ్మే మిషన్‌లో, ఈ నూనె పెట్టకండి అక్కా. మేం రెండు గంటలు పెట్టాం. మా పిల్లి నోట్లోంచి చొంగ కార్చుకుంటూ మంచం కింద దూరింది. ఈ రకం నూనెల్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లుల కాలేయానికి చాలా తక్కువని, బొచ్చు మీద పడినది నాకినా ప్రమాదమేనని పశువైద్యురాలు చెప్పారు. కిటికీలు తీసి గాలాడనిస్తే సాయంత్రానికి కోలుకుంది. ఆ డిఫ్యూజర్ మళ్లీ బయటికి తీయలేదు.

తాంబరం_నాన్న:

దోమల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మా పాపకి డెంగీ వచ్చి తగ్గాక ఈ విషయం బాగా వెతికాను. దోమలకి పనిచేస్తుందని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ జాబితాలో ఉన్నది ఆయిల్ ఆఫ్ లెమన్ యూకలిప్టస్. పేరులో లెమన్ ఉందే గానీ అది నిమ్మ కాదు, నిమ్మ వాసన వచ్చే ఒక రకం నీలగిరి చెట్టు ఆకు నుంచి చేసేది. దాన్లో పనిచేసే పదార్థం పీఎండీ. మూడేళ్ల లోపు పిల్లలకి అది కూడా వాడొద్దన్నారు. నిమ్మతొక్క నూనె ఇట్టే ఎగిరిపోతుంది, దాన్ని నమ్ముకుని దోమతెర తీసేయకండి. నిమ్మగడ్డి నూనె ఇంకోటి, అది గడ్డి నుంచి వస్తుంది. షాపుల్లో మూడూ పక్కపక్కనే పెడతారు, నేనూ మొదట తప్పుదే తెచ్చాను.

వేళచేరి_కోడలు:

అందరికీ చాలా థ్యాంక్స్. విల్లివాక్కం అత్తా, మీ చేతి సంగతి చదివాక సీసా ముఖం దరిదాపులకి తీసుకెళ్లలేదు. చర్మం డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. సీసా మీద సన్న అక్షరాల్లో సిట్రస్ లిమోన్, కోల్డ్ ప్రెస్డ్ అని ఉంది.

వారం రోజుల సంగతులు చెప్తాను. చిమ్నీ జాలీ మీరు చెప్పినట్టే బాల్కనీలో రుద్దాను. ఏడాదిన్నర జిడ్డు, తేనెరంగులో గట్టిపడింది, నురగతో పాటు ముద్దలుగా ఊడి వచ్చింది. కుళాయికి డిప్ప తొడిగితే మా ఆయన ఏదో దిష్టికి కట్టాననుకున్నారు. అరగంట తర్వాత చూపించాను, మెరిసిపోతోంది. మా ఆడబిడ్డ రుమాలు దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. వాంతులు ఆగలేదు గానీ పొద్దున బ్రష్ చేసుకునేటప్పుడు తట్టుకోగలుగుతున్నానంది. డాక్టరుకి చెప్పాం, వాసనే కదా పర్లేదన్నారు, మందు కూడా రాశారు.

ఇంకొక్కటి అడగాలి. సీసా కిటికీ గట్టు మీద పెట్టాను. ఎన్నాళ్లు ఉంటుంది? పాడైతే ఎట్టా తెలుస్తుంది?

విల్లివాక్కం_సబ్బులు:

కిటికీ గట్టు మీద నుంచి ఇప్పుడే తీసెయ్యమ్మా. వెలుతురు, వేడి, గాలి, మూడూ దీనికి పడవు. మన చెన్నై ఉక్కలో ఇంకా త్వరగా పాడవుతుంది. మూత గట్టిగా బిగించి ఫ్రిజ్ తలుపు అరలో పెట్టు. తెరిచిన తేదీ కాగితం మీద రాసి సీసాకి అంటించు. నేను ఏడాది దాటినది సబ్బుల్లో వెయ్యను. లిమోనీన్ గాలి తగిలి మారిపోతే చర్మానికి దద్దుర్లు తెప్పించే పదార్థాలు పుడతాయి. ఆ మార్పు ముక్కుకే తెలుస్తుంది. తొక్క గిల్లిన వాసన పోయి పెయింట్‌లో కలిపే టర్పెంటైన్ వాసన వస్తుంది, సీసా మూతి దగ్గర జిగటగా అవుతుంది. అప్పుడు రుమాలుకి కూడా వద్దు. చేతికి గ్లవుజులు వేసుకుని స్టిక్కర్ జిగురు వదిలించడానికి వాడి అవగొట్టు.

ఇంకోటి. ఈసారి రైల్లో ఎవరైనా వస్తుంటే పండిన కాయలతో పాటు ముదురాకుపచ్చగా ఉన్న గట్టికాయలు ఒక పది పంపమని మీ అమ్మగారికి చెప్పు. కడిగి, ఆరబెట్టి, తొక్క పచ్చటి పైపొర మాత్రమే సన్నగా తురుము. కింది తెల్లది చేదు. ఆ తురుముని కప్పు పంచదారతో కలిపి వేళ్లతో బాగా నలిపి సీసాకెత్తు. షర్బత్‌లో చెంచాడు వేసుకో. మీ ఆడబిడ్డకి కూడా కాస్త ఇచ్చి చూడు.